ఉప్పుగాలిలో ల్యాప్‌టాప్: వైజాగ్‌లో ఎలా కాపాడుకుంటున్నారు?

లాసన్స్‌బే_అమ్మ
అందరికీ నమస్కారం. మా ఇల్లు లాసన్స్‌బే కాలనీలో, బీచ్‌రోడ్డుకి దగ్గర్లోనే. బాల్కనీ తలుపు తీస్తే నేరుగా సముద్రం గాలే. పాత ల్యాప్‌టాప్‌లో యూఎస్‌బీ రంధ్రాల లోపల ఆకుపచ్చగా ఏదో పేరుకుంది. పెన్‌డ్రైవ్ పెడితే ఓసారి పడుతుంది, ఓసారి పట్టదు. మా అబ్బాయి ఇంజినీరింగ్‌లో చేరుతున్నాడని ఇప్పుడు కొత్తది కొన్నాం. ఇదీ అలాగే అయిపోతుందేమోనని భయం.

ఇంకో సంగతి. కొన్న చోట "రాత్రంతా చార్జింగులో వదిలేయకండి, పేలిపోద్ది" అన్నారు. మా మరిది ఏమో "ఎప్పుడూ పెట్టే ఉంచు వదినా, ఏం కాదు" అంటాడు. ఎవరి మాట వినాలి?

డాక్‌యార్డ్_తాతయ్య
అమ్మా, ఆ ఆకుపచ్చది రాగి చిలుము. పోర్టులో పిన్నుల మీద పైపూత బంగారందో నికెల్‌దో ఉంటుంది గానీ లోపలున్నది రాగి కలిసిన లోహమే. పెట్టీ తీసీ ఆ పూత అరిగిన చోట రాగి బయటపడుతుంది. మిగతా పని మన ఊరి గాలి చూసుకుంటుంది.

నా ఉద్యోగమంతా ఓడల పనిలోనే గడిచింది కాబట్టి ఉప్పు గురించి నాలుగు ముక్కలు చెప్పగలను. గాలిలో తేమ 75 శాతం దాటిందంటే ఉప్పు ఆ తేమని పీల్చుకుని తనంతట తానే నీరుగారిపోతుంది. వానాకాలంలో మీ వంటింట్లో ఉప్పు జాడీ చెమర్చడం చూసే ఉంటారు. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది, దానికైతే 33 శాతం తేమ చాలు. వైజాగ్‌లో తెల్లవారుజామున తేమ ఏడాదిలో చాలా రోజులు 75 దాటే ఉంటుంది. అంటే ల్యాప్‌టాప్ లోపలి బోర్డు మీద కంటికి కనపడని ఉప్పు పొర ఉంటే చాలు, రోజూ పొద్దున్నే అక్కడ ఓ చుక్క ఉప్పునీళ్ళు తయారైనట్టే. నీళ్ళు పోయనక్కర్లేదు.

ఆర్కే బీచ్ ఒడ్డున కుర్సురా జలాంతర్గామి ఉంది కదా, 2002 నుంచి మ్యూజియంగా. అంత ఉక్కు దేహానికే రంగు వేస్తూ కాపాడుకోవాలి. వెంట్రుకంత సన్నటి రాగి గీతలున్న బోర్డు సంగతి ఇక చెప్పాలా.

కాబట్టి బాల్కనీలో, సముద్రం వైపు కిటికీ పక్కన పెట్టుకుని పని చెయ్యడం మానెయ్యండి. ఇంటికి రెండో వైపు గదిలో పెట్టుకోండి. అసలు విషయం ఇంకోటుంది: వాడకుండా మూలన పడేసిందే ముందు పాడవుతుంది. రోజూ కాసేపు నడిస్తే లోపలి వేడికి చెమ్మ ఆరిపోతుంది.

బోర్డుడాక్టర్ (డాబాగార్డెన్స్)
తాతగారు చెప్పింది అక్షరాలా నిజం. నా దగ్గరికొచ్చే బోర్డుల్లో ఏది బీచ్ వైపు ఇంటిదో, ఏది సముద్రానికి దూరంగా పెందుర్తి వైపుదో మైక్రోస్కోపు కింద పెట్టగానే చెప్పేస్తాను. బీచ్ వైపు వాటిలో చార్జింగ్ ఐసీ (చార్జింగ్ నడిపే చిప్పు) కాళ్ళ మధ్య తెల్లగా, అంచుల్లో పచ్చగా పొక్కు కట్టి ఉంటుంది. పిన్నుతో తాకితే పొడిపొడిగా రాలుతుంది, దాని కిందేమో టంకం నల్లబడి ఉంటుంది. ఎప్పుడూ మొదట పోయేది చార్జింగ్ భాగమే. చార్జర్ పెట్టి ఉన్నంతసేపూ, ఆఫ్ చేసినా సరే, అక్కడ 19, 20 వోల్టులు ఉంటాయి. వోల్టేజీ ఉన్న చోట తడి తగిలితే తుప్పు చాలా జోరుగా నడుస్తుందనుకోండి.

పోర్టుని గుండుసూదితో గీకకండి మేడమ్. ఉన్న పూత కూడా పోతుంది. మిషన్ ఆపేసి, చార్జర్ తీసేసి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన సన్నటి బ్రష్షుతో మెల్లగా తుడిచి, పూర్తిగా ఆరాక వాడండి. శానిటైజర్ వద్దు. అందులో నీళ్ళూ గ్లిజరినూ ఉంటాయి, జిడ్డు మిగిలిపోతుంది.

రుషికొండ_నైట్‌షిఫ్ట్
చార్జింగ్ గురించి నేను చెప్తాను. మేడమ్, ఇద్దరిదీ సగం సగం నిజం.

"పేలిపోద్ది" అన్నది మంచి కంపెనీ చార్జరుకీ బ్యాటరీకీ వర్తించదు. నిండగానే లోపలి సర్క్యూట్ కరెంటు తీసుకోవడం ఆపేస్తుంది. ఓవర్‌చార్జ్ అంటూ ఉండదు. కానీ మీ మరిదిగారు "ఏం కాదు" అన్నారే, అదీ కాదు. లిథియం అయాన్ సెల్ మామూలుగా 4.2 వోల్టుల దగ్గర నిండుతుంది, కొత్తవాటిలో ఇంకాస్త ఎక్కువ. అంత వోల్టేజీ దగ్గర, అందులోనూ వేడిలో, నెలల తరబడి ఉంచితే లోపలి రసాయనం త్వరగా ముసలిదైపోతుంది. మే నెలలో మన ఇళ్ళలో ఏసీ లేని గది 35 డిగ్రీలు, పని చేస్తున్న ల్యాప్‌టాప్ అడుగున ఇంకా ఎక్కువ. బ్యాటరీని చంపేది 100 శాతమూ వేడీ కలిసి.

పరిష్కారం చాలా తేలిక. ఈ రోజుల్లో చాలా కంపెనీలు 80 శాతం చుట్టుపక్కల చార్జింగ్ ఆపే ఏర్పాటు ఇస్తున్నాయి. లెనోవోలో కన్జర్వేషన్ మోడ్, ఏసుస్‌లో బ్యాటరీ కేర్ మోడ్, డెల్‌లో ప్రైమరిలీ ఏసీ యూజ్. అది ఆన్ చేసి పెట్టండి, ఇక చార్జర్ తీశామా పెట్టామా అన్న గొడవే ఉండదు. ఊరు వెళ్ళే ముందు రోజు మాత్రం 100 పెట్టుకోవచ్చు.

మద్దిలపాలెం_మాస్టారు
నాకు తెలిసినంతలో నెలకోసారి బ్యాటరీని పూర్తిగా సున్నాకి దింపి మళ్ళీ నింపాలి. లేకపోతే దానికి మెమరీ వస్తుంది. మా కాలేజీ లాబ్‌లో ఎప్పట్నుంచో ఇదే పద్ధతి.

రుషికొండ_నైట్‌షిఫ్ట్
మాస్టారూ, అది నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలం నాటి మాట. 1991లో సోనీ మొదటి లిథియం అయాన్ బ్యాటరీ అమ్మినప్పటి నుంచి ఆ లెక్క మారిపోయింది. వీటికి సున్నాకి దింపడమే చేటు. ఎప్పుడో ఏడాదికో రెండుసార్లో దింపితే శాతం చూపించే మీటరు సరిపడుతుంది, అంతవరకే ఉపయోగం. సెలవుల్లో వాడకుండా పెట్టేస్తే మాత్రం సగం చార్జి ఉంచి పెట్టండి, నిండుగానూ వద్దు, ఖాళీగానూ వద్దు.

మద్దిలపాలెం_మాస్టారు
ఒప్పుకోను గానీ, ఆలోచిస్తాను 🙂

రుషికొండ_నైట్‌షిఫ్ట్
ఆలోచించే ముందు మీ లాబ్ మిషన్ల బ్యాటరీ రిపోర్టు తీసి చూడండి మాస్టారూ. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఒక ఖాళీ ఇచ్చి, స్లాష్ బ్యాటరీరిపోర్ట్ అని కొడితే ఒక ఫైలు వస్తుంది. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ చార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలుంటాయి. మొదటిది 50,000, రెండోది 38,000 అనుకోండి, బ్యాటరీ 76 శాతానికి వచ్చిందన్నమాట.

ఇంకో మాట, మా కొండ మీద ఆఫీసుల్లో పని చేసేవాళ్ళకి ప్రత్యేకంగా. లోపల ఏసీ 22లో ఉంటుంది. బయటికొస్తే 33 డిగ్రీలు, 70 శాతం తేమ. అలాంటి గాలికి 27 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న ఏది తగిలినా మంచు పడుతుంది. బయటికి రాగానే కళ్ళద్దాలు మసకబారతాయే, ల్యాప్‌టాప్ లోపల బోర్డు మీదా అదే జరుగుతుంది. పార్కింగులోనే తెరిచి మెయిల్ చూసుకునే మహానుభావులు మా ఆఫీసులో చాలామంది. బ్యాగులోంచి తియ్యకుండా ఓ అరగంట అలాగే ఉంచితే మెల్లగా వేడెక్కుతుంది, ఏ బాధా లేదు.

గాజువాక_కుర్రాడు
అన్నా నాదో డౌటు. గేమింగ్ ల్యాపీ కొనీసాను, అల్యూమినియం బాడీ. చార్జింగులో ఉన్నప్పుడు చెయ్యి ఆనిస్తే ఏటో జివ్వుమంటాది. కాళ్ళకి చెప్పుల్లేపోతే ఇంకా ఎక్కువ. మా అమ్మ ముట్టుకోనివ్వడం లేదు. వెనక్కి ఇచ్చీయాలా?

మూడోపిన్ను (కంచరపాలెం)
ల్యాప్‌టాప్ తప్పు కాదు తమ్ముడూ, నీ గోడలో ఉంది తప్పు. నేను వైరింగ్ పని చేస్తాను, ఈ కేసు వారానికొకటి వస్తుంది.

చార్జర్ లోపల కరెంటు వైపుకీ ల్యాప్‌టాప్ వైపుకీ మధ్య చిన్న కెపాసిటర్ ఉంటుంది, రేడియో గోల తగ్గించడానికి. మామూలుగా దాంట్లోంచి కారే కొంచెం కరెంటు మూడో పిన్ను ద్వారా భూమిలోకి పోతుంది. నువ్వు రెండు పిన్నుల కన్వర్టర్ పెట్టావనుకో, లేదా గోడలో ఎర్త్ వైరు లేదనుకో, పోయే దారి లేక ల్యాప్‌టాప్ బాడీ మీద 230లో సగం, అంటే 115 వోల్టుల దాకా తేలుతూ ఉంటుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి జివ్వుమంటుంది అంతే. మంచి చార్జర్ అయితే ప్రాణానికి ఏం కాదు. నాసిరకం చార్జర్‌లో ఆ కెపాసిటరే పోతే మాత్రం పూర్తి కరెంటు బాడీకి వచ్చేయొచ్చు. మీ అమ్మగారు ముట్టుకోనివ్వకపోవడమే రైటు, ఎర్త్ సరిచేసే దాకా.

ముందు కన్వర్టర్ తీసి మూడు పిన్నుల సాకెట్లో నేరుగా పెట్టి చూడు. అప్పటికీ జివ్వుమంటే ఇంటి ఎర్తింగ్ పోయినట్టు. పాత ఇళ్ళలో బొగ్గూ ఉప్పూ వేసి తీసిన ఎర్త్ గొయ్యి ఉంటుంది, వేసవిలో ఎండిపోతే పని చెయ్యదు, నీళ్ళు పోస్తుండాలి. కొండ అంచున రాతి నేల మీద కట్టిన ఇళ్ళకి ఈ బాధ మరీ ఎక్కువ.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తున్నా. కొందరు సాకెట్లో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ ముక్క వైరు వేసి "అయిపోయింది" అంటారు. టెస్టర్ వెలగడం ఆగుతుంది, నిజమే. కానీ ఎక్కడో న్యూట్రల్ తెగిందంటే ఇంట్లో ఉన్న ఫ్రిజ్, గీజర్, ల్యాప్‌టాప్ అన్నిటి బాడీకీ కరెంటు వచ్చేస్తుంది. అలాంటివాడిని ఇంట్లోకి రానివ్వకండి.

స్పైక్ గార్డ్ (కరెంటు ఒక్కసారిగా ఎగసినప్పుడు కాపాడే బాక్సు) కూడా ఎర్త్ లేకపోతే సగం పని చేసేదే. ఎర్ర లైటు వెలిగే ప్రతి ఎక్స్‌టెన్షన్ బాక్సూ స్పైక్ గార్డ్ కాదు. ఉరుములు మొదలైతే ఏ గార్డునీ నమ్మకుండా ప్లగ్ పీకెయ్యడమే మేలు.

పెదవాల్తేరు_టీకప్పు
అర్జెంట్ అర్జెంట్. ఇప్పుడే మా పాప టీ ఒలకబోసింది, కీబోర్డు మీద. అర కప్పు. ఇంకా ఆన్‌లోనే ఉంది. ఏం చెయ్యాలి?

బోర్డుడాక్టర్
చార్జర్ పీకెయ్యండి. పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. షట్‌డౌన్ మెనూ కోసం వెతక్కండి. తెరిచిన పుస్తకాన్ని బోర్లించినట్టు, కీబోర్డు కిందికి వచ్చేలా పొడి తువ్వాలు మీద పెట్టండి. చూద్దామని మళ్ళీ ఆన్ చెయ్యొద్దు.

పెదవాల్తేరు_టీకప్పు
చేశానండి. ఆగిపోయింది. హెయిర్ డ్రయ్యర్ పెట్టనా?

ఎంవీపీ_సెక్టార్_బాబాయ్
డ్రయ్యర్ వద్దమ్మా. బియ్యం డబ్బాలో రెండు రోజులు పెట్టు. మా ఇంట్లో ఫోను అలాగే బతికింది.

బోర్డుడాక్టర్
బాబాయ్ గారూ, క్షమించాలి, బియ్యం వద్దు. బియ్యం లోపలికెళ్ళి నీళ్ళు లాగదు. ఆ ఫోను బయట బల్ల మీద పెట్టినా అంతే ఆరేది. పైగా బియ్యం పిండి పోర్టుల్లోకి దూరి ఇంకో పని పెడుతుంది.

టీ మామూలు నీళ్ళు కాదు. పాలూ చక్కెరా ఉంటాయి. నీళ్ళు ఆరినా అవి ఐసీల కింద జిగురులా మిగిలి, మన గాలిలో తేమ తగిలినప్పుడల్లా మళ్ళీ తడుస్తాయి. చాలామంది "రెండు రోజులకి ఆన్ అయింది" అని సంతోషపడి, మూడో నెలలో తెస్తారు. అప్పటికి తుప్పు బోర్డుని తినేసి ఉంటుంది. డ్రయ్యర్ వేడిగాలి తడిని ఇంకా లోపలికి తోస్తుంది, కీల ప్లాస్టిక్ వంగిపోతుంది.

మేడమ్, అసలు తొందర పడాల్సింది బ్యాటరీ విషయంలో. ఈ మోడళ్ళలో బ్యాటరీ లోపలే ఉంటుంది, మిషన్ ఆఫ్‌లో ఉన్నా బోర్డుకి వోల్టేజీ ఇస్తూనే ఉంటుంది. తెలిసినవాళ్ళ చేత ఇవాళే అడుగు మూత తీయించి బ్యాటరీ కనెక్టర్ విప్పించండి. తర్వాత బోర్డుని ఆల్కహాల్‌తో కడిగించండి, కీబోర్డు మార్చాల్సి రావచ్చు. ఇవాళ వెళ్తే ఖర్చు తక్కువలో పోతుంది.

మద్దిలపాలెం_మాస్టారు
టీకప్పు గారూ, ఇచ్చే ముందు ఇంకో సంగతి. విండోస్ 11 మిషన్లలో చాలావాటికి మనకి తెలియకుండానే డిస్క్ ఎన్‌క్రిప్షన్ (డిస్కులోని సమాచారానికి తాళం) ఆన్ అయి ఉంటుంది. మదర్‌బోర్డు మారిస్తే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే డిస్క్ బాగానే ఉన్నా ఫోటోలు పోయినట్టే. ఫోనులోంచే మీ మైక్రోసాఫ్ట్ అకౌంటులోకి వెళ్ళి ఆ కీ కాగితం మీద రాసుకోండి.

ఆన్ అవుతున్న మిషన్ని సర్వీసుకి ఇచ్చేటప్పుడైతే వేరే ఖాతా ఒకటి చేసి దాని పాస్‌వర్డే ఇవ్వాలి. సొంత పాస్‌వర్డు చీటీ మీద రాసి కీబోర్డుకి అంటించి ఇచ్చేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

పెదవాల్తేరు_టీకప్పు
కీ దొరికింది, రాసుకున్నాను. డాబాగార్డెన్స్ బయల్దేరుతున్నాం. అందరికీ చాలా థాంక్స్ అండి.

నిర్వాహకులు
షాపుల పేర్లు, ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టొద్దు. ఇప్పుడే రెండు తీసేశాం.

డాక్‌యార్డ్_తాతయ్య
మాస్టారు ఫోటోల మాట ఎత్తితే గుర్తొచ్చింది. 2014 అక్టోబరు 12, హుద్‌హుద్. గంటకి 180 కిలోమీటర్లు దాటిన గాలి. కిటికీలు ఊడి వాన ఇంట్లోకి అడ్డంగా కొట్టింది. ఆ తర్వాత కరెంటు లేదు, నెట్ లేదు. మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన కంప్యూటరూ, దాని బ్యాకప్ డిస్కూ ఒకే బల్ల మీద ఉన్నాయి. రెండూ ఒకేసారి తడిశాయి. కాపీ రెండో చోట ఉంటేనే దాన్ని కాపీ అనాలి. ఒకటి ఇంట్లో, ఒకటి ఊళ్ళో అన్నగారింట్లోనో క్లౌడ్‌లోనో. తుఫాను హెచ్చరిక రాగానే ల్యాప్‌టాప్‌ని రెండు పాలిథీన్ కవర్లలో కట్టి, కిటికీలు లేని గదిలో ఎత్తు మీద పెట్టండి.

లాసన్స్‌బే_అమ్మ
ఎంత చెప్పారండీ అందరూ. ఇంకో రెండు అడుగుతాను, విసుక్కోకండి. పాత ల్యాప్‌టాప్ బల్ల మీద పెడితే ఈమధ్య ఊగుతోంది, ఒక మూల లేచి ఉంది. టచ్‌ప్యాడ్ కూడా నొక్కుడు పడటం లేదు. తుప్పేనా? రెండోది, స్క్రీన్ దేంతో తుడవాలి?

బోర్డుడాక్టర్
తుప్పు కాదు మేడమ్, బ్యాటరీ ఉబ్బింది. వెంటనే ఆపేయండి, చార్జింగ్ అసలు పెట్టొద్దు. లోపల గ్యాసు చేరి టచ్‌ప్యాడ్‌ని కిందనుంచి తోస్తోంది. చదును చేద్దామని నొక్కడం, సూదితో పొడిచి గాలి తీయడం చెయ్యొద్దు. ఇది సరదాకి చెప్పట్లేదు, ఒకాయన నిజంగానే చేశాడు. పొర చిరిగితే లోపలే షార్ట్ అయి నిమిషంలో అంటుకుంటుంది. మంచం మీదా, బట్టల బీరువాలోనూ కాకుండా గచ్చు నేల మీద విడిగా ఉంచి, రేపు తీయించండి.

తీసిన బ్యాటరీని జీవీఎంసీ చెత్త బండిలో వెయ్యకండి, బండిలో నలిగితే నిప్పే. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవి వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులదే. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అడగండి.

స్క్రీన్‌కి మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ, ఆర్వో నీళ్ళు ఒకటి రెండు చుక్కలు. గుడ్డ మీద వెయ్యాలి, స్క్రీన్ మీద కాదు. అద్దాలు తుడిచే నీలం మందు వద్దు. కెమెరాకి అతికించే ప్లాస్టిక్ మూత కూడా తీసెయ్యండి. ల్యాప్‌టాప్ మూసినప్పుడు అదే స్క్రీన్‌ని పగలగొడుతుంది, మ్యాక్‌బుక్‌ల విషయంలో ఆపిల్ 2020లోనే హెచ్చరించింది.

ఎంవీపీ_సెక్టార్_బాబాయ్
బియ్యం సంగతి వదిలేశాను గానీ, సిలికా జెల్ అయినా పని చేస్తుందా? లేక అదీ బియ్యం లాంటిదేనా?

డాక్‌యార్డ్_తాతయ్య
అది పని చేస్తుంది బాబూ, కానీ మూత బిగుతుగా ఉన్న డబ్బాలోనో జిప్ కవర్లోనో అయితేనే. తెరిచి ఉన్న బ్యాగులో పెడితే ఊళ్ళో చెమ్మంతా అదే పీల్చాలి, ఒక్కరోజులో నిండిపోతుంది. రంగు మారే రకం కొనుక్కోండి. నారింజ రంగు పోయి ఆకుపచ్చగా మారితే నిండినట్టు. తక్కువ మంట మీద మూకుట్లో వేడి చేస్తే మళ్ళీ నారింజకి వస్తుంది. ఆ మూకుడు తర్వాత వంటకి వాడకండి.

గాజువాక_కుర్రాడు
మూడోపిన్ను అన్నా, కన్వర్టర్ తీసీసి నేరుగా పెట్టాను, జివ్వుమనడం పోయింది. మా అమ్మ కూడా ముట్టుకుని చూసింది. కానీ ఫ్యాను మోత మటుకు భరించలేకపోతున్నాను, గేమ్ తెరిస్తే చాలు విమానం లేచినట్టు. మా ఫ్రెండు బండ్లు కడిగే చోట ఎయిర్ గన్ ఉంది, దాంతో ఊదించీయమంటున్నాడు. ఊదించీనా?

బోర్డుడాక్టర్
వద్దు. ఆ గాలిలో కంప్రెసర్ నీళ్ళూ నూనే ఉంటాయి. ఆ జోరుకి ఫ్యాను దాని శక్తికి మించి తిరిగి బేరింగు పోతుంది. చిన్న బ్లోయర్‌తో ఊదినా సరే, ముందు ఫ్యాను రెక్కని పుల్లతో ఆపి పట్టుకుని ఊదాలి.

అయినా బయటనుంచి ఊదితే పెద్ద లాభం లేదు. దుమ్ము చేరేది ఫ్యానుకీ, వేడిని బయటికి పంపే రాగి రేకులకీ మధ్య సందులో. మూత తీస్తే అక్కడ మందపాటి ఉన్ని ముక్కలా ఒకే పీసుగా వస్తుంది, చిమటాతో పట్టుకుని లాగొచ్చు. గాజువాక, వన్‌టౌన్ వైపు మిషన్లలో అది నల్లగా ఉంటుంది, వేళ్ళకి అంటుకుంటుంది. బయటనుంచి ఊదితే ఆ ముక్క వెనక్కి జరిగి ఫ్యానులోనే ఇరుక్కుంటుంది.

ఎప్పుడు కొన్నావు? వారంటీ ఉంటే మూత నువ్వు తియ్యకు, వాళ్ళ చేతే తీయించు. లేకపోతే మోడల్ నంబరు చెప్పు. అడుగున స్టిక్కర్ ఉంటుంది, దాని ఫోటో పెట్టు, సీరియల్ నంబరు మీద వేలు అడ్డం పెట్టి తియ్యి. పరుపు మీద పెట్టి ఆడతావా బల్ల మీదా, అది కూడా చెప్పు.

గాజువాక_కుర్రాడు
పరుపు మీదే అన్నా 😅 ఫోటో రాత్రికి పెడతాను.